అంటించడం ఒక పని, కాపాడటం ఇంకో పని
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్లం. నాలుగు మాటలు చెప్పమన్నా అవి పాఠంలాగే వస్తాయి, మన్నించాలి.

పాత చెక్కపెట్టె మీదనో, ట్రే మీదనో, రేకుడబ్బా మీదనో కాగితపు పూలు, బొమ్మలు కత్తిరించి అంటించి పైన పూత వేసే పనిని డెకూపాజ్ అంటారు. ఫ్రెంచి భాషలో కత్తిరించడం అనే మాట నుంచి పుట్టిన పేరు. 18వ శతాబ్దంలో ఇటలీలోని వెనిస్ నగరంలో ఇది బాగా సాగింది. తూర్పు దేశాల లక్కసామాను కొనే తాహతు అందరికీ లేదు. అందుకని అక్కడి పనివాళ్లు అచ్చుబొమ్మలు కత్తిరించి, రంగులద్ది, సామానుకు అంటించి, వార్నిష్ మీద వార్నిష్ పూశారు. దానికి 'పేద లక్క' అని పేరు. పేదరికం పేరులోనే గాని పనిలో లేదు. అందులో కొంత సామాను నేటికీ మ్యూజియాల్లో ఉంది.

మరి మన ఆడపిల్లలు ఎంతో సబర్‌తో చేసిన ట్రే వానాకాలం రాగానే అంచులు ఎందుకు లేస్తున్నది? వేడి చాయ్ కప్పు పెడితే తెల్లమచ్చ ఎందుకు పడుతున్నది? కొన్నవారు "ఇంట్లో చేసింది ఇంతే" అనేస్తారు. ఆ మాట ట్రేకి కాదు, పిల్ల హునర్‌కి తగులుతుంది. రెండో ఆర్డరు రాదు.

కారణం ఒక్కటే. జిగురు పని వేరు, పైపూత పని వేరు. మనం ఒకదానితోనే రెండూ కానిచ్చేద్దామనుకుంటాం.

మైదా లేయి చవకే, కాని దానికి పురుగు పడుతుంది, తేమకు బూజు పడుతుంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు ఒకటుంది. అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దేవద్దు. తెల్లజిగురు మేలు. మన దేశంలో ఫెవికాల్ 1959లో వచ్చింది. తడిగా ఉన్నప్పుడు పాలలాగా ఉండి, ఆరితే కంటికి కనిపించదు. అయితే మామూలు తెల్లజిగురు నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. అమెరికాలో 1967లో జాన్ వెట్‌స్టోన్ అనే ఆమె జిగురూ పూతా ఒకటే అయిన మాడ్ పాడ్జ్ తయారుచేశారు. మామూలు రకమైతే అది కూడా నీటికి ఆగదు. పూర్తిగా గట్టిపడటానికి 4 వారాలు కావాలని తయారీదారులే చెబుతారు.

ఇక పద్ధతి. చెక్కను సన్న గరుకు కాగితంతో రుద్ది దుమ్ము తుడవాలి. రేకైతే ముందు ప్రైమర్ వేయాలి. జిగురులో కొద్దిగా నీళ్లు కలిపి పలుచగా పూసి, కాగితం పెట్టి, నడిమి నుంచి అంచులవైపు వేలితో నొక్కుతూ పోతే గాలిబుడగలు వెళ్లిపోతాయి. ఇంకుజెట్ ప్రింటు తడికి రంగు కారుతుంది గనుక లేజర్ ప్రింటు గాని, అచ్చుకాగితం గాని వాడటం మంచిది. పెళ్లికార్డు కత్తిరించేటప్పుడు అల్లాహ్ పేరున్న భాగాన్ని ముందే తీసి అదబ్‌తో దాచాలి.

రాత్రంతా ఆరనిచ్చి, తెల్లారి వార్నిష్ మొదలుపెట్టండి. మందంగా ఒక్కసారి పూసేదానికన్నా పలుచగా మూడుసార్లు పూయడం మేలు. ప్రతిసారీ ఆరిన తరువాత మెత్తగా రుద్ది మళ్లీ పూయాలి. అంచులను మాత్రం మరవొద్దు, నీళ్లు దూరేది అక్కడే. ముసురు పట్టిన రోజుల్లో పూత సరిగా ఆరదు, ఆగండి. నూనె వార్నిష్ అయితే కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి. అన్నం, మిఠాయి తగిలే చోట ఈ పని చేయవద్దు. పళ్లెం వెనుకవైపు చాలు.

వ్యాపారం చేసే అక్కచెల్లెళ్లకు ఒక్క మనవి. పైకి ఆరినట్టు కనిపించినంత మాత్రాన సరుకు ఇచ్చేయవద్దు. పండుగకు ఇవ్వాల్సింది నెల ముందే ముగించి పెట్టుకోండి. తడి గుడ్డతో తుడవవచ్చునా, వేడి గిన్నె పెట్టవచ్చునా అన్నది ఒక చీటీ మీద రాసి జతచేయండి. ఉన్నది ఉన్నట్టు చెప్పిన చేతికి మళ్లీ పని దొరుకుతుంది.

సొసైటీవారు కుట్టుపని నేర్పేచోట పక్కనే ఇంకొక బల్ల వేయిస్తే, సెలవురోజున మేమూ వచ్చి కూర్చుంటాం.

ఖుదా హాఫిజ్.