ఏడుపాయలలో ఒక పగటి నడక
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఊరి సహకార సంఘపు లెక్కలు వ్రాసుకొను వాడను, పండితుడను కాను. ఈ గ్రంథాలయపు బీరువానుండి భారతమును ఒక్కొక్క పర్వముగా ఇంటికి తీసికొనిపోయి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. కార్యవర్గమువారు పుస్తకములను గూర్చి మాట్లాడుమనిరి. నేను నడకను గూర్చి మాట్లాడెదను.

ప్రతి శీతకాలమున మన గ్రంథాలయపు పిల్లలను ఒక దినము ఏడుపాయలకు తీసికొనిపోయి, నదివెంట నడిపింపవలెనని రెండేండ్లుగా కోరుచున్నాను. తల్లులు ఒప్పుకొనుట లేదు. వారి భయము వట్టిది కాదు. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

మెదకు పట్టణమునకు 20 కిలోమీటర్లకు లోపే, నాగ్సాన్‌పల్లి వద్ద, వనదుర్గా భవాని సన్నిధిని మంజీర ఏడు పాయలుగా చీలును. బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియువరకు ఈ నది నడక సుమారు 724 కిలోమీటర్లు. పెన్న గండికోటవద్ద కొండను నిలువున కోసికొని గండి చేసికొన్నది. మన రాయి అట్లు లొంగలేదు. ఇది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపు బండ. నీరు దానిని కోయలేక, సందు దొరకిన చోటనెల్ల దూరి చీలిపోయినది. పాయ యనుమాట మన ఆడువారికి జడలో తెలిసినదే: విడదీయుట మరల అల్లుటకే. ఇక్కడను పాయలన్నియు దిగువ మరల ఒక్కటియగును.

జనమేజయుని సర్పయాగమిచ్చటనే జరిగెనని స్థలపురాణము. భారతములో మంజీర పేరు ఆ ఘట్టమున లేదు. అయినను ఆ కథ ఇచ్చట చెప్పుకొనుట నాకు ఇష్టమే. పెద్దలందరు మంత్రములు చదువుచుండగా ఆ యాగమును ఆపినవాడు ఆస్తీకుడను చిన్నవాడు గదా!

మనలో చాలమంది ఎరిగినది శివరాత్రి జాతరనాటి ఏడుపాయలను మాత్రమే. అప్పుడు బండలు కనబడవు, తలలే కనబడును. పుష్యమాసమున పోయి చూడుడు. 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట దగ్గర మొదలిడవలెను. దాని కాలువలు మహబూబ్ నహరు, ఫతే నహరు మన పొలములకు అన్నము పెట్టినవి. అచ్చటినుండి గుడివైపు బండమీదినుండి బండమీదికి పిల్లవాని చేయి పట్టుకొని మెల్లగా పోవచ్చును. ఎండకు రాయి వెచ్చబడియుండును. నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండును.

ఇక భయము సంగతి. కొన్ని యేండ్లక్రిందట ఆశ్వయుజమున, పోగూడని కాలముననే, మా మనుమని వెంటబెట్టుకొని పోతిని. పాయల నడుమ ఒక బండమీద సద్ది విప్పితిమి. వాడు నీటి అంచున అయిదు గులకరాళ్ళు వరుసగా పేర్చెను. కొంతసేపటికి, "తాతా, నా రాళ్ళు మూడే ఉన్నయి" అనెను. "మంచిగ లెక్కపెట్టురా" అంటిని. ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసినవాడను గదా! వాడు మరల చూచి, "ఇప్పుడు రెండే" అనెను. ఆకాశమున మబ్బు లేదు. నీటి చప్పుడు మాత్రము మారియుండెను. సద్దిగిన్నె, చెప్పులు అక్కడనే విడిచి వానిని భుజమున కెత్తుకొంటిని. వచ్చునపుడు చీలమండ తడిసిన పాయ, తిరిగిపోవునపుడు నా తొడలవరకు వచ్చినది. ఒడ్డెక్కి చూచునప్పటికి మేము కూర్చున్న బండ లేదు. ఎగువ ఎక్కడనో వాన కురిసినదో, నీరు వదలిరో, ఇప్పటికిని ఎరుగను. ఆ సంగతి ఇంట చెప్పుటకు నాకు మూడు నెలలు పట్టెను.

మధ్యధరా సముద్రములోని క్రీటు ద్వీపమున సమారియా అను కొండగండి కలదు. సుమారు 16 కిలోమీటర్లు నడచి సముద్రము చేరుదురు. అచ్చట వానలు శీతకాలమున కురియును గనుక ఆ నెలలలో దారి మూసివేయుదురు. తెరచిన నెలలలోను వానభయమున్న దినము ఎవరిని లోనికి పోనీయరు. మనకు అట్టి ద్వారము లేదు. సింగూరునుండి నీరు వదలినపుడు గుడి ముంగిలి మునుగుట చూచుచునేయున్నాము. కావున మన ద్వారము మనమే పెట్టుకొనవలెను. పుష్యము రాకముందు పోరాదు. బయలుదేరు ఉదయమున నీటిపారుదలవారిని అడుగకుండ కదలరాదు. ప్రతి నలుగురు పిల్లలకు ఒక పెద్ద ఉండవలెను. ఆగినచోటనెల్ల నీటి అంచున అయిదు రాళ్ళు పేర్చి, వానిని లెక్కించుటకు ఒక పిల్లవానిని నియమింపవలెను. వాడు చెప్పినమాట పెద్దలు మారుమాటాడక వినవలెను.

పేర్లు వ్రాయుటకు గ్రంథపాలకుని బల్లమీద పుస్తకముంచితిని. ఇప్పటికి నాలుగు పేర్లున్నవి. మొదటిది మా మనుమనిది. వాని తల్లియే వ్రాసినది. తల్లులును రావచ్చును. సద్ది ఎవరిది వారు తెచ్చుకొనవలెను.