ఆపరేటర్ల నడవడి



ఛాయా సోమేశ్వరుని త్రికూటాలయమును, పచ్చల సోమేశ్వరాలయమును, కందూరు చోడుల నాటి ఉదయసముద్రమను చెరువును గల ఈ పానగల్‌లో శాసనములను గూర్చియో శిల్పమును గూర్చియో ప్రసంగింపవలసినది పోయి, కంప్యూటరు భాషలోని కూడిక, పోలిక గుర్తులను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా దోపవచ్చును. అయినను 2003 నుండి నడచుచున్న తెలుగు వికీపీడియాలో ఈ ఆలయములను గూర్చి చదువగోరి మనము పుట తెరచినపుడు, ఆ పుటను సర్వరుమీద కూర్చి యిచ్చెడు మీడియావికీ పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినదే. రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత పుటల కొరకు కూర్చుకొని, 1995లో లోకమున కర్పించిన చిన్న పనిముట్లే పెరిగి పెరిగి ఈ భాషయైనవి.

ఆపరేటరనగా విలువలపై పని జరిపించెడు గుర్తు. అది తన ఇరుప్రక్కల నున్న విలువ సంఖ్యయా, అక్షరమాలయా (స్ట్రింగు), అవును కాదులలో నొకటియా యని జాతిని మాత్రము చూచునే కాని, వ్రాసినవాని మనసును జూడదు. నేడు నేను చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

కూడికతో మొదలిడుదము. మన పాసుపుస్తకములలో 1.30 అని యున్నచో ఒక ఎకరము ముప్పది గుంటలని రైతు చదువుకొనును. ఎకరమునకు నలువది గుంటలని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ భూమికి 1.20 గల మరియొక చెలకను చేర్చి మొత్తము చూపుమని $భూమి = 1.30 + 1.20; అని వ్రాసితిమేని, + గుర్తు తన ధర్మము తప్పక 2.5 అని యిచ్చును. దానిని ఒకడు రెండెకరముల ఐదు గుంటలని చదువును, మరియొకడు రెండున్నర ఎకరములను. నిజమునకు ఆ భూమి మూడెకరముల పది గుంటలు. గుర్తులో దోషము లేదు. గుంటలను దశాంశములుగా అప్పగించిన మనయందే యున్నది. సర్వమును గుంటలలోనికి మార్చి 70 + 60 అని కూడి, వచ్చిన 130ని నలువదిచే భాగింపవలెను. అచ్చట / గుర్తు 3.25 అనును, శేషమును దెచ్చు % గుర్తు 10 అనును. పూర్ణభాగమైన మూడు కావలెనన్నచో, 2015లో వచ్చిన ఈ భాష ఏడవ కూర్పునుండి ఇంట్‌డివ్ అను ఫంక్షను గలదు. శేషము తీయు గుర్తును శతాంశపు గుర్తని భ్రమపడు విద్యార్థులు ప్రతి తరగతిలో నుందురు. ఆ గుర్తు రూపము అట్టిది మరి.

అక్షరమాలలను కలుపుటకు పీహెచ్‌పీలో చుక్క యొకటి చాలును. 'ఉదయ' . 'సముద్రము' అన్నచో ఉదయసముద్రము సిద్ధించును. అదే ధైర్యముతో 'సోమ' . 'ఈశ్వరుడు' అన్నచో సోమఈశ్వరుడు వచ్చునే కాని సోమేశ్వరుడు రాడు. గుణసంధి చుక్కకు తెలియదు. మరి 'పానగల్' . 'లో' అన్నపుడు తెరమీద పొల్లుపోయి పానగల్లో అని ద్విత్వము కనబడుచున్నదే యందురా? అది చుక్క చేసిన సంధి కాదు. ప్రక్కప్రక్కన పడిన అక్షరములను జూచి ఫాంటు దిద్దిన రూపము. చుక్క ఎరిగినది బైట్లను మాత్రమే. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తొకటికి మూడు బైట్లు. పానగల్ అను మాటలో దీర్ఘమును పొల్లును గలిపి గుర్తులారు. కావున దాని కొలత పదునెనిమిది బైట్లు.

చుక్కకును కూడికకును ముందువెనుకల తగవు ఒకటి చాల కాలము నడచినది. 'మొత్తము: ' . 70 + 60 అని వ్రాసినచో ఏడవ కూర్పు ఎడమనుండి చేసికొనిపోయి, మొదట 'మొత్తము: 70' అను మాటను గట్టి, దానికి అరువది కూడబోయి, సంఖ్య కాని దానిని సున్నగా నెంచి, ఒక హెచ్చరిక పలికి 60 అని చూపెడిది. 2020 నవంబరులో వెలువడిన ఎనిమిదవ కూర్పున కూడికకు పెద్దరికమిచ్చిరి. ఇప్పుడు 130 సరిగా వచ్చును. అయినను కుండలీకరణములు పెట్టువాడే నాకు మెచ్చుగా దోచును.

ఇక పోలిక. ఒక్క = విలువను $భూమి వంటి పేరుగల పెట్టెలో నుంచును. రెండు == లు జాతి భేదమును సర్దుకొని పోల్చును. మూడు === లు జాతిని గూడ సరిచూచును. ఫారములో నింపినది సర్వరునకు అక్షరమాలగా చేరును గాన, '5' == 5 అవును, '5' === 5 కాదు. ఈ సర్దుబాటు ఎంత దూరము పోయెననగా, ఏడవ కూర్పు వరకును 0 == 'పానగల్' అన్నను అవుననియే చెప్పెడిది! ఎనిమిదవ కూర్పు దానిని దిద్దినది. కాని మరియొక గుంత పూడలేదు. 'పానగల్ చెరువు' అను మాటలో 'పానగల్' ఎచ్చట గలదని స్ట్ర్‌పాస్ ఫంక్షనును అడిగినచో, మొదటనే గలదు కావున సున్న యను స్థానము నిచ్చును. దొరకనిచో కాదను అర్థముగల ఫాల్స్ అనును. ఆ సున్నను == తో ఫాల్స్‌కు పోల్చినవాడు, ఊరు కన్నులయెదుట నుండగా లేదని తీర్పు చెప్పును. అచ్చట === వాడక తప్పదు.

తర్కపు గుర్తులలో && అనునదియు, అండ్ అను పదమును ఒకే యర్థమిచ్చును గాని, పదమునకు = కంటెను తక్కువ స్థానము; కావున ఫలితమును నిలువచేయు వాక్యమున దానిని వాడినచో మొదటి భాగపు విలువయే పెట్టెలో పడును. రెండు ప్రశ్నార్థకముల ?? గుర్తు, విలువయే లేనపుడు మారు విలువ నిచ్చును. కాని ఫారములో ఊరిపేరు గడిని ఖాళీగా విడిచి పంపినచో వచ్చునది శూన్యమైన అక్షరమాల. అదియు నొక విలువయే గాన ?? కదలదు. అట్టిచోట ప్రశ్నార్థకమును రెండు చుక్కలును గల ?: గుర్తును వాడవలెను, కాని అది సున్నను గూడ ఖాళీగనే యెంచును గావున గుంటలు నింపెడు గడిలో దానిని వాడకుడు.