డాక్యుమెంటరీ సంస్థ బోర్డులో ఎవరుండాలి?

(వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మేము జమాఖర్చులు చదివేవాళ్ళం. అవి ఈ సంచికలోనే అచ్చయ్యాయి, తీరిగ్గా చూడండి. ఈసారి మాత్రం ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఆ మధ్య మన సంఘం పని చూపిస్తూ ఇరవై నిమిషాల ఫిల్మ్ తీయించాం. ఒక వీడియో ఆయనకు పని అప్పగించి, ఆయన ఇచ్చిన కాగితం మీద పూర్తిగా చదవకుండానే సంతకం చేశాం. రేషన్ కిట్లు పంచిన రోజు ఆయన వేదిక ఎక్కి, కింద వరుసలో నిలబడ్డ తల్లుల మొహాలను పై నుంచి తీశాడు. సంగీతం జోడించాడు. చూసి మాలో కొందరం కళ్ళు తుడుచుకున్న మాట నిజం. పది రోజులకు కోదాడ నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె కూతురికి సంబంధం కుదిరే వేళ అవతలివాళ్ళు ఆ వీడియో ఫోనులో చూశారట. "మీరిచ్చిన బియ్యం నెల రోజులు తిన్నాం భాయ్‌సాబ్, ఈ వీడియో ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగింది. తీసేయమని ఆయనకు చెప్పాం. హక్కులన్నీ తనవేనని మేం సంతకం పెట్టిన కాగితమే చూపించాడు. బతిమాలితే ఆ భాగం తీసేశాడు గానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో ఎవరికి తెలుసు?

వీడియో తీసినాయన మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. "ఈ మొహాలు చూపించవచ్చా?" అని అడిగే బాధ్యత ఎవరిదో మేమే తేల్చుకోలేదు. అలా అడిగేందుకే ఏ సంస్థకైనా బోర్డు ఉంటుంది.

ఇప్పుడు మన మూడు ఊళ్ళ కుర్రవాళ్ళు కొందరు లాభాపేక్ష లేని డాక్యుమెంటరీ సంస్థ పెడదామంటున్నారు. ఆలోచన మంచిదే. మన దగ్గర తీయాల్సినవి చాలా ఉన్నాయి. మఖ్దూం మొహియుద్దీన్ 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైంది మన పక్కనున్న హుజూర్‌నగర్ నుంచే. జానపహాడ్ సైదులు దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసి బండ్లు కట్టుకుని వచ్చిన రోజులు చెప్పగలిగే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. 1948లో పదేళ్ళున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఆ మాటలు రికార్డు చేయడానికి మనకు చాలా ఏళ్ళు లేవు.

ఇలాంటి పని తెలంగాణలో ఇదివరకే జరిగింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని నీడన 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. కెమెరా పట్టింది ఊళ్ళలోని పేద మహిళలు, ఎక్కువమంది దళితులు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు. వరంగల్ జిల్లా రైతుల బీటీ పత్తి కష్టాల మీద వాళ్ళు తీసిన ఫిల్ములు దేశం దాటి వెళ్ళాయి. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ గారు వాళ్ళకు వెన్నుదన్నుగా నిలిచారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు.

ఆ మహిళలు షాట్లకు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూపితే అది పటేల్ షాట్. గద్దె మీద కూర్చున్న పటేలుకు మనుషులు అలాగే కనపడతారు. కింద నుంచి పైకి చూపితే అది నేల మీద కూర్చున్న జీతగాడి చూపు. కంటికి కన్ను సమానంగా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఈ సంగతి తెలిశాక మా ఇరవై నిమిషాల ఫిల్మ్ మళ్ళీ వేసుకుని చూశాం. మొదటి నుంచి చివరిదాకా పటేల్ షాట్లే.

ఇక బోర్డు మాట. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 8 కింద ఇలాంటి సంస్థ పెట్టుకోవచ్చు. పాత 1956 చట్టంలో ఇదే సెక్షన్ 25. మిగులు వస్తే సభ్యులు పంచుకోకూడదు, ఆశయానికే ఖర్చు పెట్టాలి. ప్రైవేట్ కంపెనీ పద్ధతిలో అయితే ఇద్దరు డైరెక్టర్లు చాలు. చట్టానికి ఇద్దరు చాలవచ్చు, మాకు చాలరు. ఇద్దరంటే సాధారణంగా బావా బావమరదులు అవుతారు. (నవ్వకండి, మన సంఘంలోనూ ఒకప్పుడు అంతే.)

మేము ఏడుగురిని అనుకుంటున్నాం. ఊరికొకరు చొప్పున ముగ్గురు. లెక్కలు తెలిసినవారొకరు. ఫిల్మ్ పని తెలిసినవారొకరు, ఆయన ముస్లిమే కావాలని లేదు. మిగిలిన ఇద్దరూ మన సాయం పొందిన కుటుంబాల నుంచే రావాలి, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. కార్యవర్గంలో దీని మీద రెండు గంటలు వాదన జరిగింది. "తీసుకునేవాళ్ళు ఇచ్చేవాళ్ళ పక్కన కూర్చుని ఏం మాట్లాడగలరు?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన భయం నిజమే. అందుకే ఒకరిని కాకుండా ఇద్దరిని పెడుతున్నాం.

బోర్డులో ఎవరి బంధువుకైనా స్టూడియో ఉండి అక్కడికి పని వెళ్ళే మాటుంటే, ఆ సంగతి ముందే రాసిచ్చి, ఆ చర్చ జరిగేటప్పుడు బయటికి వెళ్ళాలి. ఇకమీదట ఒప్పంద పత్రం ఏడుగురూ చదవనిదే సంతకం ఉండదు. ఫిల్మ్ హక్కు సంస్థదే అని అందులో రాసి ఉండాలి. మొహం చూపించే ప్రతి మనిషి దగ్గరా అనుమతి తీసుకోవాలి. అదీ చిత్రీకరణ రోజు ఒకసారి, పూర్తయిన ఫిల్మ్ చూపించాక ఇంకోసారి. రెండోసారి వద్దంటే తీసేయాలి, ఎంత మంచి దృశ్యమైనా సరే.

దాతలకు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. మన దాతల్లో మిల్లులున్నవారున్నారు, ఆ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో మనవాళ్ళున్నారు. రేపు కుర్రవాళ్ళు హమాలీల మీద ఫిల్మ్ తీస్తామంటే ఫోన్లు రాకుండా ఉంటాయా? ఆ ఫోను ఎత్తాల్సింది బోర్డు. "అబద్ధం ఉంటే చూపండి, సరిదిద్దుతాం. నచ్చలేదంటే మాత్రం ఆపం" అని చెప్పగలిగినవాళ్ళనే అక్కడ కూర్చోబెట్టాలి. అలాగని బోర్డు సభ్యులు ఎడిటింగ్ గదిలో దూరి ఏ దృశ్యం ముందుండాలో చెప్పకూడదు. దాతల పేర్లు చివర్లో వస్తాయి, అందరివీ ఒకే సైజు అక్షరాల్లో. వెయ్యి ఇచ్చినా లక్ష ఇచ్చినా అంతే.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాం. జకాత్ సొమ్ములో ఒక్క పైసా ఇందులో పెట్టం. దాని హక్కుదారులు వేరు. దీనికి ఇచ్చేది దీనికోసమేనని చెప్పి ఇవ్వండి, ఖాతా వేరు, రసీదు వేరు. కొత్త సంస్థకు పన్ను మినహాయింపు అనుమతి విడిగా తెచ్చుకోవాలి, అది వచ్చేదాకా మినహాయింపు ఆశించకండి. వచ్చాక కూడా రెండు వేలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదు, బ్యాంకు ద్వారానే పంపండి.

బోర్డుకు పేర్లు సూచించేవారు మీ ఊరి కార్యదర్శికి రాసివ్వండి. ఒక పేరు మాత్రం మేమే ముందు అడిగి వచ్చాం. కోదాడ నుంచి వచ్చిన ఆ తల్లి ఇంటికి మాలో ముగ్గురం వెళ్ళాం. క్షమించమని అడిగి, బోర్డులో కూర్చోమన్నాం. ఆమె వెంటనే సరే అనలేదు. కుట్టుమిషన్ ఆపి, "మీటింగులు పగలా, రాత్రా భాయ్‌సాబ్? పగలైతే నా పని పోతుంది" అంది. ఆదివారం అసర్ తర్వాత పెడతామన్నాం. పాత ఫిల్మ్ మిగిలిన భాగం కూడా ముందు తనకు చూపించమంది. వచ్చే ఆదివారం చూపిస్తున్నాం.