పరుగును బిగబట్టే క్షణం

నిజామాబాద్ జిల్లాలోని ఒక లంబాడా తండాలో 2001లో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రీడాజీవితం పరుగుపందేలతో మొదలైంది. ఆ వేగాన్ని గమనించిన శిక్షకుడు ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్లించకపోయి ఉంటే, తెలంగాణ నుంచి భారత సీనియర్ మహిళా జట్టులో ఆడిన తొలి క్రీడాకారిణిగా ఆమె పేరు ఈనాడు అరకు లోయలో, డిగ్రీ పట్టాలు అందుకుంటున్న బగత, కొండదొర, పోర్జ, కోటియ, వాల్మీకి యువత ముందు వినిపించేది కాదు.

ప్రత్యర్థుల గోల్‌కు అతి చేరువలో ఆడుతూ గోల్ చేసే బాధ్యత మోసేవారిని ఫార్వర్డ్ అంటారు; వారిలో మైదానపు అంచు వెంట దూసుకుపోయేవారు వింగర్లు, సౌమ్య ఎక్కువగా ఆడే చోటు అదే. ఈ స్థానానికి వేగం అవసరమే కాని, ఆఫ్‌సైడ్ అనే నియమం ఆ వేగానికి కళ్లెం వేస్తుంది: సహచరి బంతిని అందించే క్షణానికి ఫార్వర్డ్ ప్రత్యర్థుల సగంలో బంతినీ, ప్రత్యర్థులలో చివరినుంచి రెండో వ్యక్తినీ దాటి ముందుకు వెళ్లి ఉండి, ఆపై ఆటలో పాలుపంచుకుంటే ఆ దాడి చెల్లదు. తుపాకి మోతకు బయలుదేరి గీత చేరేదాకా ఒంటరిగా పరుగెత్తే పిల్ల, మరొకరి పాదం బంతిని తాకేదాకా తన కాళ్లను బిగబట్టుకోవడం నేర్చుకోవాలి. థింసా నృత్యపు వరుసలో ఒకరి నడుము వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకుని అడుగులు వేసే స్త్రీలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. డప్పు దెబ్బ కన్నా ముందు పడిన ఒక్క అడుగు వరుస మొత్తాన్ని తడబరుస్తుంది.

జాతీయ స్థాయి క్లబ్బుల పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్‌లో గోకులం కేరళ తరఫున ఆడిన సౌమ్య, కోల్‌కతాలో జరిగిన ఎంపికల ద్వారా, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో పాటు 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తండాలో పుట్టిన యువతికి యూరప్ క్లబ్బు తలుపు తెరవడం ఎంత అరుదో చెప్పడానికి అంకెలు అక్కరలేదు. తిరిగి వచ్చాక మళ్లీ గోకులంలోనూ, తరువాత ఈస్ట్ బెంగాల్‌లోనూ ఆడింది. 2025 ఏప్రిల్ 11న, అంతకుముందు ఏడాది విజేత ఒడిశా ఎఫ్‌సీ మీద 67వ నిమిషంలో ఆమె చేసిన ఏకైక గోల్‌తోనే ఈస్ట్ బెంగాల్ తొలిసారి ఆ లీగ్‌ను గెలిచింది. మరుసటి నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది. ఆ జూలైలో భారత మహిళా జట్టు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించింది.

అరకు చుట్టూ ఉన్న తూర్పు కనుమలలోనూ సౌమ్యలా పరుగెత్తే ఆడపిల్లలకు కొరత లేదు. వాలుల మీదుగా బడికీ, సంతకూ నడిచే కాళ్లవి. ఇక్కడ కొరత సమతల భూమికి. అంతర్జాతీయ స్థాయి ఫుట్‌బాల్ మైదానానికి కనీసం 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గల చదునైన నేల కావాలి, లోయలో అంత చదును దొరికిన చోట వరి పండించుకోవడం న్యాయమే. అందువల్ల గిరిజన సంక్షేమ శాఖ నడిపే ఆశ్రమ పాఠశాల, అంటే పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి, దాని ఆవరణలో ఉన్న కాస్త చదును నేల ఎంతో విలువైనది. దానిని కొత్త గదుల కోసమో, సామాను పోగు కోసమో కొంచెం కొంచెంగా కోల్పోవడం బాధాకరం. ఈ పట్టభద్రులలో కొందరు రేపు అవే బడులలో ఉపాధ్యాయులై, వార్డెన్లై, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉద్యోగులై చేరతారు. సాయంత్రం బడి గంట కొట్టాక ఆ నేల మీదకు ఆడపిల్లలను కూడా పంపాలా, వంటగది పనికి పిలవాలా అన్న నిర్ణయం అప్పుడు వారి చేతిలోనే ఉంటుంది.