బరంపురమునకును ఇచ్ఛాపురమునకును ఒకే గుర్తు
(సంఘ మాస సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున మన పత్రిక ప్రతులు కొన్ని తిరిగి వచ్చినవని కార్యదర్శిగారు చెప్పిరి. ఇండ్లు అక్కడనే యున్నవి, అందలి వారును అక్కడనే యున్నారు. వీధి పేరు మాత్రము తెలుగున నొక రీతిగను, ఒడియాలో నొక రీతిగను, ఇంగ్లీషున మరియొక రీతిగను వ్రాయబడినది. మూడు తరములుగ ఒకే గడప దాటుచున్న కుటుంబమునకు “చిరునామా తెలియలేదు” అను ముద్రతో పత్రిక రాకపోవుట చిన్న సంగతి కాదని నాకు తోచినది. అందుచేత, పేరుతో పనిలేకయే చోటును చెప్పు విధానమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

1972 ఆగస్టు 15న మన దేశమున పిన్ కోడు వచ్చినది. దానిని రూపొందించినవారు సంస్కృత విద్వాంసులును, తపాలాశాఖ ఉన్నతోద్యోగియు నగు శ్రీరామ్ భికాజీ వేలణ్కర్ గారు. అందు మొదటి అంకె ప్రాంతమును తెలుపును. బరంపురము సంఖ్య 760తోను, పొరుగుననున్న ఇచ్ఛాపురము సంఖ్య 532తోను మొదలగును. నడుమ దూరము సుమారు పాతిక కిలోమీటర్లు. అంకెలు చూచిన దేశాంతరమువలె నుండును. యానాము సంగతి ఇందుకు విరుద్ధము. పాలన పుదుచ్చేరిదైనను, దాని సంఖ్య 533464. అనగా గోదావరి తీరపు వరుసలోనిదే. ఉత్తరము నడచు దారినిబట్టి ఏర్పడిన సంఖ్య గనుక అట్లుండుట సహజమే.

2025 మే 27న తపాలాశాఖవారు డిజిపిన్ అను మరియొక గుర్తును ప్రజలకందించిరి. హైదరాబాదులోని ఐ.ఐ.టి.యు, ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రమును ఇందు తోడ్పడినవి. దీని కిటుకు మన ఆడపడుచులు వేయు ముగ్గు గడులవంటిదే. ఉత్తర అక్షాంశము 2.5 డిగ్రీలు మొదలు 38.5 వరకు, తూర్పు రేఖాంశము 63.5 మొదలు 99.5 వరకు ఒక పెద్ద చదరము గీసిరి. నిలువున నాలుగు, అడ్డమున నాలుగు చొప్పున 16 గడులు చేసి, గడి కొక గుర్తు పెట్టిరి. 2 మొదలు 9 వరకు అంకెలును, సి, ఎఫ్, జె, కె, ఎల్, ఎమ్, పి, టి అను ఎనిమిది ఇంగ్లీషు అక్షరములును ఆ గుర్తులు. మన చోటు పడిన గడిని మరల 16 చేయుదురు. ఇట్లు పదిమారులు చేయగా, చివరి గడి ఇంచుమించు నాలుగు మీటర్ల చదరమగును.

బరంపురమునే తీసికొందము. అక్షాంశము 19.31, రేఖాంశము 84.79. మొదటిమారు 5 అను గడి, రెండవమారు సి, మూడవమారు 4. ఇచ్ఛాపురమునకు లెక్క వేయగా అదే 5, సి, 4 వచ్చినది! యానామునకును కాకినాడకును 5, జె, 4. బెంగుళూరు నగరమధ్యమునకును హోసూరునకును 4, పి, 3. ఇందు రాష్ట్రపు సరిహద్దన్న మాటయే లేదు. లెక్క చేతితో వేసినప్పుడు నాకు కలిగిన సంతోషమును దాచుకొనలేను.

ఈ లెక్కను కంప్యూటరుచేత చేయించుటకు తపాలాశాఖవారు ఒక ప్రోగ్రామును వ్రాసి, ఎవరైనను ఉచితముగ వాడుకొనునట్లు బహిరంగముగ నుంచిరి. పదిమందికి పనికివచ్చు పనిని ఒకమారు వ్రాసి ఉంచిన యిట్టిదానిని ప్రోగ్రాములు వ్రాయువారు లైబ్రరీ అందురు. అది చేయు పనులు రెండే: అక్షాంశ రేఖాంశముల నిచ్చిన గుర్తును కట్టుట, గుర్తు నిచ్చిన దానిని విప్పి ఆ గడి నడిబిందువును చెప్పుట. కట్టుట సులువు. అక్షాంశ రేఖాంశములను తారుమారుగ నిచ్చినను అది మోసపోదు. మన దేశపు రేఖాంశములన్నియు 38.5కు మించినవి గనుక, హద్దు దాటినదని త్రోసివేయును.

విప్పుటలోనే చిక్కు కలదు. నడుమనున్న చిన్నగీతలను తీసివేసి, గుర్తులు పది యున్నవా, అన్నియు ఆ పదునారింటిలోనివేనా అని మాత్రమే అది చూచును. వ్రాయువాని చేయి తప్పినదా లేదా యని పట్టుకొనుటకు అదనపు గుర్తు ఇందు లేదు. బరంపురపు మొదటి 5ను ఎవరైన 4 అని వ్రాసిరా, ప్రోగ్రాము నోరెత్తక మహారాష్ట్రములోని బీడ్ ప్రాంతమును చూపును. చివరి గుర్తు తప్పినచో పోవునది కొన్ని మీటర్లే. కావున మొదటి మూడు గుర్తులను పిన్ కోడుతో సరిచూచుకొనవలెను. పిన్ కోడు నింక విడువవచ్చునని కొందరనుచున్నారు, నేనొప్పుకొనను. మేడమీది వాటాకును క్రిందివాటాకును డిజిపిన్ ఒక్కటే యగును గనుక తలుపు సంఖ్యయు విడువరానిదే.

పేరు మాటేమి? మా తాతగారి దస్తావేజులో చెక్కుబందీ ఇట్లున్నది: తూర్పున చింతచెట్టు, పడమట నూతి గట్టు, ఉత్తరమున పొరుగువారి దొడ్డిగోడ. చెట్టు పడినది, నూయి పూడినది. డిజిపిన్‌కు ఆ గతి లేదు. కాని మా వీధిని మా పెద్దలేమని పిలిచిరో అది ఎన్నడును చెప్పలేదు. అది చోటు నెరుగును, ఊరి నెరుగదు.

కనుక నా మనవి యిది. సంఘపు చిరునామా పుస్తకమున ప్రతి కుటుంబమునకు వీధి పేరును మన ఇంట పలుకు రీతినే తెలుగు లిపిలో మొదట వ్రాయవలెను. దాని క్రింద తపాలావారు వాడు రూపము, తలుపు సంఖ్య, పిన్ కోడు, తుదకు డిజిపిన్. ఈ కడపటిదానిని మాత్రము పత్రికలో అచ్చు వేయరాదు. నాలుగు మీటర్ల లోపల ఇంటి గుమ్మము చూపు గుర్తును, యజమాని పేరు ప్రక్కన పదిమంది చేతిలో పెట్టుట నా కిష్టము లేదు. వృద్ధులు ఒంటరిగ నున్న ఇండ్లు మనలో చాల కలవు.

వచ్చు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున పుస్తకము తెరచి యుంచెదము. ఫోను గల పిల్ల నొకరిని వెంట తెండు; వీధి పాతపేరు జ్ఞాపకమున్న పెద్దలను తప్పక తోడ్కొని రండు.