కోయంబత్తూరు, మదురై నేలల అడుగున పారిన రాళ్లు

మదురై నాయకుల కాలం నుంచీ తెలుగువారు సేద్యం చేసుకుంటున్న కోయంబత్తూరు పరిసరాల మీదుగా, పాలక్కాడు నుంచి కావేరి వైపు, భూవిజ్ఞానులు పాలక్కాడు–కావేరి మండలమని పిలిచే నలిగిన శిలల పట్టీ సాగుతుంది. దానికి దక్షిణాన మదురై శిలాఖండం ఉంది. సుమారు 55 కోట్ల ఏళ్ల క్రితం గోండ్వానా మహాఖండం కూడుకుంటున్నప్పుడు ఈ శిలలు లోతుకు దిగి, నలిగి, ఆ శిలాఖండం లోపలి భాగాల్లో 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని చవిచూశాయి.

అంత లోతున రాళ్లు ఎలా పారతాయో ఆలివిన్ అనే ఖనిజంలో చూడవచ్చు. భూపటలం కింది మందమైన పొరను ప్రావారం అంటారు. దాని పైభాగంలో ప్రధాన ఖనిజం ఇదే. సేలం సుద్దకొండల డ్యూనైట్ శిల దాదాపుగా ఆలివినే. పర్వతాలు పుట్టేటప్పుడు ఇటువంటి శిల కరగకుండానే, ఘనస్థితిలోనే అతి నెమ్మదిగా పారుతుంది: స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన చోట్లు, అంటే స్థానభ్రంశాలు, ఒత్తిడికి జరిగి గోడల్లా పోగుపడి, పెద్ద రేణువును గదులుగా చీలుస్తాయి, ఆ గదులు క్రమంగా పక్కకు తిరిగి కొత్త రేణువులవడమే పునఃస్ఫటికీకరణ. అలా నలిగిన ఆలివిన్ శిల పలుచని ముక్కను ధ్రువణ సూక్ష్మదర్శిని కింద తిప్పితే, వంగిన పెద్ద రేణువు మీద నల్లని నీడ అలలా కదులుతుంది, దాని అంచుల వెంట తేటగా మెరిసే చిన్న రేణువులు బారులు తీరి ఉంటాయి. ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ కొత్త రేణువులు చిన్నవవుతాయి గనుక, వాటి పరిమాణాన్ని బట్టి ఏనాటిదో ఒత్తిడిని అంచనా కట్టగలగడం ఈ శాస్త్రంలో నిజంగా అబ్బురపరిచే విషయం.