వంపు మీంచి ఆకాశంలోకి

ఈవారం విమానవాహక నౌకల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన విక్రమాదిత్య, విక్రాంత్ నౌకల ముందుభాగం పైకి వంగి ఉంటుంది. దాన్ని స్కీ జంప్ అంటారు. విమానం సొంత ఇంజన్ల బలంతోనే పరిగెత్తి ఆ వంపు మీంచి లేవాలి. డెక్కు వదిలేటప్పటికి ఎగరడానికి చాలినంత వేగం ఉండదు. వంపు ఇచ్చిన ఊపు తగ్గేలోగా, కొద్ది సెకన్లలో, ఆ వేగం అందుకోవాలి.

ఫ్రాన్సువారి రఫేల్ మెరైన్‌ని కాటపుల్ట్ కోసం తయారుచేశారు. అక్కడ ముందు చక్రాన్ని ఆవిరి యంత్రం పట్టి లాగుతుంది. ఇక్కడ లాగేదేమీ లేదు సరికదా, వంపు ఆ చక్రం కాడని కిందనుంచి గట్టిగా నొక్కుతుంది. అందుకే 2022 జనవరిలో గోవా హంస స్థావరంలో, నేలమీద కట్టిన వంపు మీంచి ఎగరేసి చూశారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ టెస్టింగ్ లాంటిదే అనుకోండి. కాకపోతే మా ప్రోగ్రాం ఆగిపోతే మళ్ళీ మొదలుపెడతాం. నౌక మీద లెక్క తప్పితే ఎదురుగా సముద్రం, లోపల ఒక మనిషి!

పరీక్ష నెగ్గింది. 2025 ఏప్రిల్‌లో 26 విమానాలకి ఒప్పందం కుదిరింది. అయినా వంపు తన సుంకం వసూలు చేస్తూనే ఉంటుంది: ఇంధనం, ఆయుధాలు రెండూ నిండుగా మోయడం కుదరదు. ఏది తగ్గించాలన్నది ప్రతిసారీ తేల్చుకోవలసిందే.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.